వారానికి ఎన్ని గంటలో ముందే చెప్పండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పత్రికలో చదువుల పేజీ నేను వదలకుండా చూస్తాను. ఉద్యోగం మానకుండా ఇంటి నుంచే కంప్యూటర్ సైన్స్‌లో మాస్టర్స్ చేయొచ్చని అందులో తరచూ రాస్తున్నారు, మంచి పనే. ఆ వ్యాసాల్లో ఫీజు ఉంటుంది, అర్హతలు ఉంటాయి, దరఖాస్తుకు చివరి తేదీ ఉంటుంది, చదివాక రాగల ఉద్యోగాల జాబితా కూడా ఉంటుంది. వారానికి ఎన్ని గంటలు చదవాలన్నది మాత్రం నాకు ఒక్కసారి కూడా కనబడలేదు. నేను ఆ చదువు పూర్తిచేసి ఏడాది కావస్తోంది, మొత్తం మూడేళ్ల నాలుగు నెలలు పట్టింది. ఉద్యోగం చేస్తూ చదవాలనుకునే మనిషికి అన్నిటికంటే ముందు తెలియాల్సింది ఆ గంటల లెక్కేనని, అది తెలియకుండా దిగడం వల్లే చాలామంది సగంలో ఆగిపోతున్నారని నా నమ్మకం. అందుకే రాస్తున్నాను. ఉత్తరం కాస్త పొడుగైంది, దయచేసి చివరిదాకా చదవండి.

ఆ లెక్క ఎవరూ దాచిపెట్టింది కాదు, క్రెడిట్ అనే మాటలోనే ఉంది. అమెరికా పద్ధతిలో ఒక క్రెడిట్ అంటే సెమిస్టర్ అంతా వారానికి ఒక గంట పాఠం, దానికి తోడు రెండు గంటల సొంత చదువు. అంటే మూడు క్రెడిట్ల కోర్సుకు వారానికి 9 గంటలు. 30 క్రెడిట్ల మాస్టర్స్‌లో అలాంటివి పది కోర్సులు, సెమిస్టర్‌కు 15 వారాలు వేసుకుంటే మొత్తం 1,350 గంటలు. బ్రిటన్‌లో మాస్టర్స్‌కు 180 క్రెడిట్లు, క్రెడిట్‌కు 10 గంటల చొప్పున 1,800. యూరప్ దేశాల ఉమ్మడి పద్ధతిలో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటలు, మాస్టర్స్‌కు చాలాచోట్ల 90 నుంచి 120 క్రెడిట్లు, అంటే తక్కువలో తక్కువ వేసుకున్నా 2,250 గంటలు. ఇప్పుడు ఉద్యోగం చేసే మనిషి వైపు నుంచి చూడండి. వారానికి 12 గంటలు తీయగలిగితే 1,800 గంటలకు 150 వారాలు కావాలి. జ్వరాలు, ప్రయాణాలు, ఆఫీసులో రాత్రిళ్లు లాగే సాఫ్ట్‌వేర్ రిలీజులు ఏవీ కలపకుండానే దాదాపు మూడేళ్లు. ఆ 12 గంటలు కూడా ఎక్కడి నుంచి వస్తాయంటే, పనిరోజుల్లో రోజుకు గంటన్నర, శని ఆదివారాలు రెండూ కలిపి నాలుగున్నర గంటలు. ఒక నెల ఊపులో ఎవరైనా చేస్తారు. మూడేళ్లు చేయాలి.

ఇదంతా కాగితం మీది లెక్క, చేతిలోకి వచ్చేసరికి మారిపోతుంది. మొదటి కోర్సు మొదలైన రోజు నుంచీ నేను ఒక చిన్న రూళ్ల పుస్తకం పెట్టుకుని, పడుకునే ముందు ఆ రోజు ఎంతసేపు చదివానో రాసుకున్నాను. తేదీ, కోర్సు పేరు, నిమిషాలు, అంతే. మనుషులు వాడటానికి వీలుగా సాఫ్ట్‌వేర్‌ను ఎలా తీర్చిదిద్దాలో చెప్పే కోర్సుకు నాకు 96 గంటలు పట్టింది, ఆపరేటింగ్ సిస్టమ్స్ కోర్సుకు 284. రెండింటికీ క్రెడిట్లు మూడే, ఫీజు కూడా ఒకటే. ఆ రెండో కోర్సులో సి భాషలో ఫైళ్లు పంపే సర్వర్ రాయాలి. నా మెషీన్‌లో చక్కగా నడిచిన ప్రోగ్రాం, అసైన్‌మెంట్లను తనే దిద్దే సాఫ్ట్‌వేర్ ఆటోగ్రేడర్‌కు పంపగానే సెగ్మెంటేషన్ ఫాల్ట్ (తనది కాని మెమరీ జోలికి పోయింది) అని ఒక్క ముక్క చెప్పి ఆగిపోయేది, ఏ లైనులో తప్పో చెప్పదు, రోజుకు ఐదుసార్లే పంపనిస్తారు, ఆరోసారికి తేదీ మారేదాకా కూర్చోవాలి. చివరికి దొరికింది ఏమిటంటే, అక్షరాల వరస ముగిసిందని తెలిపే సున్నా ఒకటి చివర్లో ఉండాలి, దానికి నేను చోటు వదల్లేదు. ఒక్క బైట్. ఆ ఒక్క బైట్ కోసం తొమ్మిది గంటలు పోయాయని నా పుస్తకంలో ఉంది. పది కోర్సులకూ, మధ్యలో వదిలేసిన ఒక కోర్సుకూ కలిపి 1,716 గంటలు తేలాయి.

ఆ వదిలేసిన కోర్సు గురించి చెప్పాలి, ఎందుకంటే దాని గురించి ఎవరూ మాట్లాడరు. మొదటి సెమిస్టర్‌లో ఒక కోర్సు బాగా చేసేశానన్న ధైర్యంతో రెండో సెమిస్టర్‌లో రెండు తీసుకున్నాను. ఐదు వారాలు ఎలాగో లాగాను. ఆఫీసులో అప్పుడే పెద్ద రిలీజు. ఒక బుధవారం మీటింగ్‌లో మా మేనేజర్ నన్ను ఏదో అడిగారు, నాకు ఆ ప్రశ్న వినబడింది, మాటలన్నీ అర్థమయ్యాయి, కానీ జవాబు చెప్పడానికి నోరు తెరిస్తే ఒక్క మాట రాలేదు. పక్కనున్న ఆవిడ నీళ్ల బాటిల్ నా వైపు జరిపింది. ఆ రాత్రే ఒక కోర్సు నుంచి తప్పుకున్నాను. మార్కుల పత్రంలో ఆ కోర్సు ఎదురుగా తప్పుకున్నట్టు గుర్తు పడింది. ఆ గుర్తు చూసి వారం రోజులు ఏడ్చాను, చదువుకు పనికిరానేమో అనుకున్నాను. ఆ తర్వాత ఇన్నేళ్లలో దాని గురించి నన్ను ఎవరూ ఒక్క ప్రశ్న వేయలేదు. సెమిస్టర్‌కు ఒక్కటే అని ఆ రోజు పెట్టుకున్న నియమం మీదే మిగతావన్నీ గట్టెక్కాయి. గడువులోపు తప్పుకోవడం ఫెయిలవ్వడం కాదు. ఇది మీ పేజీలో ఒక్క వాక్యంగా వేసినా ఎవరో ఒకరికి నిద్ర పడుతుంది.

ఇలా చదివేవాళ్లు ఎవరన్నది కూడా తెలియాలి. 2014 జనవరిలో అమెరికాలోని జార్జియా టెక్ యూనివర్సిటీ పూర్తిగా ఆన్‌లైన్‌లో కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్ మొదలుపెట్టింది, పది కోర్సులు, పూర్తిచేయడానికి ఆరేళ్ల దాకా గడువు. దాని మీద జాషువా గుడ్‌మన్, జూలియా మెల్కర్స్, అమాండా పలేస్ అనే పరిశోధకులు చేసిన అధ్యయనంలో, క్యాంపస్ మాస్టర్స్‌కు దరఖాస్తు చేసేవాళ్ల సగటు వయసు 24 ఏళ్లయితే, ఆన్‌లైన్‌కు చేసేవాళ్లది 34 అని తేలింది. ఆన్‌లైన్‌లో సీటు రానివాళ్లు ఇంకోచోట చేరి చదవడం కూడా దాదాపు లేదట, ఆ దారి మూసుకుపోతే వాళ్లకు చదువే లేదన్నమాట. 34 ఏళ్లంటే చాలామందికి ఇంట్లో చిన్నపిల్లలు, వయసు మీదపడుతున్న తల్లిదండ్రులు, ఇంటి లోను ఉండే వయసు. లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ చదివి పదేళ్లు దాటి ఉంటుంది, అవి మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. నాకు దానికే దరఖాస్తుకు ముందు నాలుగు నెలలు పట్టింది, ఆ గంటలు పైన చెప్పిన 1,716లో లేవు. ఇరవైనాలుగేళ్ల కుర్రాడికి ఇచ్చే సలహానే వీళ్లకూ ఇస్తే సరిపోదు.

ఇంటి నుంచే కదా, సుఖంగా పరీక్ష రాసుకోవచ్చు అనుకుంటారు. నా మొదటి పరీక్ష ఎలా జరిగిందో చెప్తాను. టేబుల్ మీద ఏమీ ఉండకూడదు. కెమెరా పట్టుకుని గది నాలుగు గోడలూ, పైకప్పూ, టేబుల్ కిందా తిప్పి చూపించాలి. అద్దంలో ఏదైనా కనబడుతుందేమోనని బీరువా అద్దానికి దుప్పటి కప్పాను. గదిలోకి ఎవరూ రాకూడదు, బయటి మాటలు కూడా వినబడకూడదు, అందుకని మా అమ్మ మోకాళ్ల నొప్పితోనే తలుపు బయట కుర్చీ వేసుకుని రెండు గంటలూ కాపలా కూర్చుంది. మా పాపకు అప్పుడు నాలుగేళ్లు, తలుపు సందు దగ్గర నోరు పెట్టి "అమ్మా, అయిపోయిందా" అని గుసగుసగా అడగడం నాకు వినబడింది, తల తిప్పితే తప్పు అని తిప్పలేదు. ఇంత చేసినా ఆ సాఫ్ట్‌వేర్ నా మీద అనుమానపు గుర్తు పెట్టింది. పెదాలు కదిలాయట. ప్రశ్నను లోలోపల చదువుకోవడం నాకు చిన్నప్పటి అలవాటు. ఎవరో ఒక మనిషి ఆ రికార్డింగ్ చూసి ఏమీ లేదని తేల్చడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ నాకు ఉన్న టెన్షన్ అంతా ఇంతా కాదు, కాపీ కొట్టిన మనిషిగా నన్ను చూస్తున్నారేమో అని ఆఫీసులో కూడా తల ఎత్తుకోలేకపోయాను. పరీక్షల్లో మోసం జరగకూడదని నాకూ ఉంది, డిగ్రీకి విలువ ఉండేది అందుకే. కానీ యంత్రం అనుమానపడితే రెండు మూడు రోజుల్లో మనిషి చూసి తేల్చాలి, అలా తేల్చలేని యూనివర్సిటీ ఆ యంత్రాన్ని వాడకూడదు.

ఇంత కష్టం ఎందుకు, మానేయొచ్చుగా అని మీరు అడగొచ్చు. మా ఇంట్లో కూడా అడిగారు. దానికి నా జవాబు ఇది.

మా ఆఫీసులో ఒక పాత జబ్బు ఉండేది. జరిగిన ప్రతి పనినీ సర్వర్ సమయంతో సహా రాసుకునే చిట్టాను లాగ్ అంటాం. ఒక ఆర్డర్ రద్దయినట్టు ఒక సర్వర్ లాగ్‌లో ముందు పడేది, అదే ఆర్డర్ పెట్టినట్టు ఇంకో సర్వర్ లాగ్‌లో ఆ తర్వాత పడేది. తేడా మూడు మిల్లీసెకన్లు. పెట్టని ఆర్డర్ ఎలా రద్దవుతుంది? నాలుగేళ్లుగా మేమంతా, అంటే తొమ్మిదేళ్ల అనుభవం ఉన్న నాతో సహా, అర సెకను ఆగి చదివేలా కోడ్ పెట్టి నెట్టుకొస్తున్నాం. రద్దీ పెరిగినప్పుడు అది కూడా పనిచేసేది కాదు. చాలా యంత్రాలు కలిసి ఒక పని ఎలా చేస్తాయో చెప్పే డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ కోర్సులో నాలుగో వారం కంప్యూటర్ శాస్త్రవేత్త లెస్లీ లాంపోర్ట్ 1978లో రాసిన పరిశోధన పత్రం చదవమన్నారు. రాత్రి పదకొండున్నరకు మొదలుపెట్టాను. ఆయన చెప్పేది ఏమిటంటే, రెండు యంత్రాల గడియారాలు అచ్చంగా ఒకే సమయం చూపిస్తాయని నమ్మకూడదు, కాబట్టి గడియారం చూసి ఏది ముందో తేల్చకూడదు. దానికి బదులు ప్రతి యంత్రమూ ఒక అంకె పెట్టుకోవాలి, ఏ పని జరిగినా దాన్ని ఒకటి పెంచాలి, ఇంకో యంత్రానికి కబురు పంపేటప్పుడు ఆ అంకెను కూడా పంపాలి, అందుకున్న యంత్రం తన అంకెలోనూ వచ్చిన అంకెలోనూ పెద్దదానికి ఒకటి కలిపి అక్కడి నుంచి లెక్కపెట్టుకోవాలి. అలా చేస్తే కారణమైన పని అంకె దాని ఫలితం అంకె కంటే ఎప్పుడూ చిన్నదే అవుతుంది. తిరగేసి మాత్రం అనకూడదు, అంకె చిన్నది కాబట్టి అదే ముందు జరిగిందని చెప్పలేం. ఈ చివరి మాట దగ్గర నేను అరగంట ఆగాను. మా ఆఫీసులో నాలుగేళ్లుగా చేస్తున్న తప్పు సరిగ్గా అదే, చిన్న సమయం కనబడితే అదే ముందు జరిగిందని అనుకోవడం.

తర్వాతి వారం గడియారం చూసే కోడ్ తీసేసి ప్రతి ఆర్డర్ మార్పుకూ వరస సంఖ్య వేశాం. ఆ జబ్బు మళ్లీ రాలేదు. నేను పుట్టకముందు రాసిన కొన్ని పేజీలు నా చేతిలో పనిచేసిన ఆ రోజు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను, ఇంటికొచ్చి మా ఆయనను కూర్చోబెట్టి కాగితం మీద గీతలు గీసి మొత్తం చెప్పాను, ఆయన ఈ రంగం మనిషి కాదు, అయినా విన్నారు. ఉద్యోగం మాని క్యాంపస్‌లో చదివి ఉంటే ఆ పత్రం పరీక్ష కోసం చదివేదాన్ని, మార్కులు కూడా బాగానే వచ్చేవేమో, కానీ ఆ చివరి మాట దగ్గర ఆగేదాన్ని కాదు. పని చేస్తూ చదివేవాళ్లకు దొరికేది ఇదే. పగలు ఎదురైన ప్రశ్నకు రాత్రి జవాబు దొరుకుతుంది, రాత్రి చదివింది పగలు పరీక్షకు నిలబడుతుంది. అందుకే ఈ చదువు ఎక్కువమందికి అందాలని కోరుకుంటున్నాను, అందుకే వాళ్లు గంటలు తెలిసి దిగాలని ఇంతగా చెప్తున్నాను.

ఇంకో మాట, దూరవిద్యేగా అని తేలిగ్గా తీసేసేవాళ్ల గురించి. తరగతికి రాకుండా చదివి డిగ్రీ పరీక్ష రాసే వీలును లండన్ యూనివర్సిటీ 1858లోనే ఇచ్చింది. బ్రిటన్‌లో ఓపెన్ యూనివర్సిటీ 1969లో వచ్చింది. చదివింది ఎక్కడ కూర్చుని అన్నది కాదు, ఏ అసైన్‌మెంట్లు చేశారు, ఏ పరీక్ష రాశారు అన్నది చూడాలి. ఇంటర్వ్యూలు చేసేవాళ్లు ఆ ప్రశ్న అడగండి, ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో ఏం రాశావని అడగండి, ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

అర్ధరాత్రి ఒంటిగంటకు గడువు దగ్గరపడ్డప్పుడు ఎక్కడి నుంచైనా కోడ్ తెచ్చి అతికించేయాలనిపిస్తుంది, ఇప్పుడు ఏఐని అడిగితే క్షణంలో రాసిస్తుంది కూడా. చేయకండి. ఒకరి కోడ్‌ను ఇంకొకరి కోడ్‌తో పోల్చే మాస్ అనే సాఫ్ట్‌వేర్ 1994 నుంచీ ఉంది, పేర్లు మార్చినంత మాత్రాన దానికి దొరకకుండా పోరు. దొరకడం సంగతి పక్కన పెట్టినా, ఇల్లంతా మీకోసం సర్దుకుని ఇచ్చిన గంటలవి. అసైన్‌మెంట్ ఒకరోజు ఆలస్యమైతే కొన్ని మార్కులు పోతాయి, అంతకుమించి ఏమీ కాదు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో అసైన్‌మెంట్ చేయడం, ఆఫీసు కోడ్ తెచ్చి ప్రాజెక్టులో పెట్టడం కూడా వద్దు, అది ఎవరిదన్న గొడవ తర్వాత వస్తుంది.

ఇక నేను అడగాలనుకున్నవి. మీ పేజీలో ఇలాంటి డిగ్రీ గురించి రాసినప్పుడు ఫీజు పక్కనే గంటలు కూడా వేయండి. మొత్తం ఎన్ని క్రెడిట్లు, క్రెడిట్‌కు ఎన్ని గంటలు, సెమిస్టర్‌కు ఒక్క కోర్సే తీసుకోనిస్తారా, ఎన్నేళ్లలోపు ముగించాలి, ఒక సెమిస్టర్ ఆగిపోతే మళ్లీ చేరనిస్తారా, తప్పుకోవడానికి గడువు ఎప్పుడు, పరీక్ష కెమెరా ముందా లేక కేంద్రానికి వెళ్లాలా. గడువులు ఏ దేశపు గడియారం ప్రకారమో కూడా రాయండి. కొన్ని కోర్సుల్లో, భూమ్మీద ఎక్కడో ఒకచోట ఆ తేదీ ఇంకా నడుస్తుంటే గడువు ముగియనట్టే లెక్క, కొన్నిట్లో యూనివర్సిటీ ఉన్న ఊరి అర్ధరాత్రే గడువు, ఈ తేడా తెలియక నేను ఒక అసైన్‌మెంట్ పూర్తిగా పోగొట్టుకున్నాను. కోర్సు పూర్తిచేసినవాళ్లను వారానికి ఎన్ని గంటలు పట్టిందని యూనివర్సిటీలే అడిగి, కోర్సు పేరు పక్కన ఆ అంకె వేయాలి. అదేమంత కష్టం?

ఉద్యోగం ఇచ్చేవాళ్లకు కూడా ఒకటి చెప్పాలి. చదువుకునే ఉద్యోగికి ఫీజులో సాయం చేసే కంపెనీలు ఉన్నాయి, దానికి బదులు ఇన్నేళ్లు ఇక్కడే పనిచేయాలని రాయించుకుంటాయి, అది వాళ్ల హక్కు. నాకైతే డబ్బు సాయం కంటే పరీక్ష రోజు సెలవు, సెమిస్టర్ ఆఖరి రెండు వారాలు రాత్రి కాల్స్ నుంచి మినహాయింపు ఎక్కువ ఉపయోగపడేవి. మా మేనేజర్ మూడో ఏడాది నుంచి అవి ఇచ్చారు, నేను అడిగితేనే ఇచ్చారు. అంతకుముందు రెండేళ్లు అడగాలని నాకు తోచలేదు, చదువుతున్నానని తెలిస్తే పని మీద మనసు లేదనుకుంటారేమోనని దాచిపెట్టాను. దాచకండి, మొదటి వారమే చెప్పేయండి.

పోయిన నెల మా టీమ్‌లో ఒకమ్మాయి నా దగ్గరికి వచ్చింది. "అక్కా, నేనూ చేరదామనుకుంటున్నా, ఏ యూనివర్సిటీ మంచిది" అంది. ముందు ఒక కాగితం మీద నీ వారం గీసుకురా, ఏడు రోజులూ గంట గంటకూ గడులు గీసి, నిద్రతో సహా అన్నీ నింపి, ఖాళీ గడులెన్నో చూపించు అన్నాను. రెండ్రోజులకు తెచ్చింది. ఖాళీ గడులు ఆరు. ఇద్దరం కూర్చుని చాలాసేపు చూశాం, ఆదివారం పొద్దున తమ్ముడు ఇంటిపని చూసుకుంటానంటే ఇంకో నాలుగు వచ్చాయి. ఆ పది గంటలతో వచ్చే సెమిస్టర్‌లో తేలికపాటి కోర్సు ఒక్కటే తీసుకుంటోంది. ఏ కోర్సు తేలికో నా రూళ్ల పుస్తకం చూసి తనే ఎంచుకుంది.

ఆ పుస్తకం మీకు కావాలంటే పేజీలు ఫోటో తీసి పంపుతాను. పది కోర్సులకూ గంటలు రోజువారీగా ఉన్నాయి, తప్పుకున్న కోర్సుకు పోయిన 61 గంటలు కూడా ఉన్నాయి. వేసుకోండి.

ఇట్లు,
ఉద్యోగం చేస్తూ చదువుకున్న మీ పాఠకురాలు